17 పాటల నుంచి 9 ట్రాకులకు: ఒక హాస్య గాయకుడి ఆల్బమ్ నిడివి ఎలా తేలింది

గాయకుడిని గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో లేవు. పాటల వస్తువులు కూడా అవసరమైన చోట మార్చాం. నిడివులు, వాటి వెనక కారణాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి. హాస్య సంగీతం చేసేవాళ్ళు, వాళ్ళకు రికార్డింగులో సాయపడేవాళ్ళు తమ సరుకుతో పోల్చి చూసుకోవాలని, ఆ ఆల్బమ్ కూర్పులో సాయపడ్డ మేం దీన్ని రాస్తున్నాం.

నేపథ్యం

ఆయనది కోస్తా ప్రాంతం. కీబోర్డు తానే వాయిస్తూ, పాడుతూ, మధ్యమధ్యలో మిమిక్రీ కలుపుతూ గంటన్నర కార్యక్రమం చేస్తారు. పెళ్ళిళ్ళు, కాలేజీ ఫెస్టులు, కంపెనీల వార్షికోత్సవాలు, అప్పుడప్పుడూ అమెరికాలో తెలుగు సంఘాల సభలు. పాటల్లో కొన్ని సినిమా పాటల పేరడీలు, ఎక్కువ సొంత బాణీలు. యూట్యూబ్‌లో విడి వీడియోలు ఉన్నా ఆల్బమ్ అంటూ చేయలేదు. ఖర్చు సొంతది. ఆ డబ్బుతో ఎనిమిది, తొమ్మిది పాటలు శ్రద్ధగా రికార్డు చేసి మిక్స్ చేయొచ్చు, అంతకు మించితే ప్రతి పాట నాణ్యతా తగ్గుతుంది.

ఆయన తెచ్చిన సమస్య

చేతిలో 17 పాటల డెమోలు (నమూనా రికార్డింగులు), వాటి మధ్య పెట్టడానికి రాసుకున్న 5 చిన్న సంభాషణలు. మొత్తం 67 నిమిషాలు. ఎన్ని పెట్టాలన్నది ప్రశ్న. అన్నీ పెట్టాలని ఆయన కోరిక, ఐదు పాటలతో ఈపీ (ఆల్బమ్ కన్నా చిన్న విడుదల) చాలని మిత్రుల సలహా. మధ్యేమార్గంగా ఆయన 12 అనే అంకె పట్టుకున్నారు. ఎందుకంటే ఆయన అభిమానించే అమెరికన్ పేరడీ గాయకుడు వియర్డ్ ఆల్ యాంకోవిక్ 2014లో తెచ్చిన ఆల్బమ్‌లో 12 ట్రాకులున్నాయి, అది అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానంలో దిగింది.

ఆ 12 ఎలా కూర్చారో చూస్తే విషయం వేరుగా కనిపిస్తుంది. అందులో 5 పేరడీలు, 6 సొంత పాటలు, ఒక పోల్కా మెడ్లీ (పలు పాటల ముక్కలను పోల్కా నడకలో గుచ్చిన పాట) ఉన్నాయి. సొంత పాటల్లో ఒక్కోటి ఒక్కో రకం సంగీతంలో ఉంటుంది. దశాబ్దాలుగా కలిసి వాయిస్తున్న బ్యాండ్ ఉంటే తప్ప అంత వైవిధ్యం రాదు. మన గాయకుడి 17 పాటల్లో 11 ఒకే కీబోర్డు టోన్‌తో, దాదాపు ఒకే వేగంతో నడుస్తున్నాయి. అంకె తీసుకుంటే ఆ వైవిధ్యం కూడా తీసుకోవాలి. అది లేనప్పుడు 12 అనేది ఇక్కడికి పనికొచ్చే కొలత కాదని ముందే చెప్పాం.

"ఆల్బమ్ అంటే గంట ఉండాలి" అన్న మాట పెద్దవాళ్ళ నోట తరచు వింటాం. అది క్యాసెట్టు రోజుల లెక్క. సి-60 క్యాసెట్టుకు ఒక్కో వైపు 30 నిమిషాలు, ఖాళీ వదిలితే కొన్నవాడు నొచ్చుకునేవాడు. తర్వాత సీడీకి 74, ఆపైన 80 నిమిషాలు వచ్చాయి. ఇప్పుడు నింపాల్సిన డబ్బా ఏదీ లేదు. స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్‌లు పెట్టుకున్న వర్గీకరణ ఒక్కటే మిగిలింది: నాలుగు నుంచి ఆరు ట్రాకులుండి 30 నిమిషాల లోపైతే ఈపీ, ఏడు గానీ అంతకు మించి గానీ ఉంటే, లేదా 30 నిమిషాలు దాటితే ఆల్బమ్. సభల నిర్వాహకులకు చూపించడానికి ఆయనకు "ఆల్బమ్" అన్న మాట అవసరం. కాబట్టి కింది హద్దు ఏడు. పై హద్దు పాటలే చెప్పాలి.

మొదటి నిర్ణయం: హక్కులు

పాటల మంచిచెడ్డలు చూడకముందే హక్కులు చూశాం. విడుదల చేయలేని పాట మీద ఇష్టం పెంచుకుంటే లెక్కంతా తారుమారవుతుంది. మొత్తం కూర్పు దాని చుట్టూ కట్టాక అది తప్పుకుంటే పక్కనున్న రెండు పాటలు కూడా కదులుతాయి.

17లో 7 పేరడీలు. "కవర్ సాంగ్‌కి (ఉన్న పాటను మళ్ళీ పాడి రికార్డు చేయడానికి) చట్టంలో వీలుంది కదా" అని గాయకుడు అడిగారు. కాపీరైటు చట్టంలో 2012 సవరణతో వచ్చిన 31సీ సెక్షన్ కవర్లకు వీలిస్తుంది. కానీ తొలి రికార్డింగ్ జరిగిన సంవత్సరం ముగిశాక ఐదేళ్ళు గడవాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీలకు రాయల్టీ కట్టాలి, అన్నిటికన్నా ముఖ్యంగా సాహిత్యంలోనూ సంగీతంలోనూ మార్పు చేయకూడదు. మాటలు మార్చడమే పేరడీ పని గనక ఆ దారి మూసుకుపోయింది. 52వ సెక్షన్‌లో విమర్శ, సమీక్షల కోసం న్యాయమైన వాడకానికి చోటుంది, అందులో పేరడీ అన్న పేరు లేదు. డబ్బు పెట్టి చేసే వాణిజ్య విడుదలను దాని మీద నిలబెట్టడం మాకు సమ్మతం కాలేదు. అమెరికాలో 1994 నాటి సుప్రీంకోర్టు తీర్పు పేరడీకి చోటిచ్చినా యాంకోవిక్ అనుమతి అడిగే చేస్తారు.

కాబట్టి ఒక్కో పేరడీకి బాణీ హక్కు ఎవరిదో, సాహిత్యం హక్కు ఎవరిదో కాగితం మీద రాసి, మార్చిన మాటలు జతచేసి, లిఖితపూర్వక అనుమతి అడిగాం. వాయిద్యాలన్నీ కొత్తగా వాయించాలని అప్పుడే నిర్ణయించాం. బజారులో దొరికే కరోకే ట్రాక్ మీద పాడితే ఆ సౌండ్ రికార్డింగ్ హక్కు ఇంకొకటి అదనంగా మీద పడుతుంది. ఒక పాటకు అనుమతి వచ్చింది. నాలుగింటికి జవాబు రాలేదు, లేదా అడిగిన మొత్తం బడ్జెట్‌కు అందలేదు.

మిగిలిన రెండూ జానపద బాణీల మీద అల్లినవి. ఇక్కడో ఉచ్చు ఉంది. ఊళ్ళో అందరూ పాడుకునే బాణీకి ఎవరి అనుమతీ అక్కర్లేదు గానీ, మనకు చెవిలో ఉన్నది చాలాసార్లు సినిమాలో ఎవరో సంగీత దర్శకుడు కొత్త ఇంటర్లూడ్‌తో (చరణాల ముందు వచ్చే వాయిద్యంతో), మార్చిన చరణంతో చేసిన రూపం. ఆ చేర్పులు ఆయన సొత్తు. రెండు డెమోల్లో ఒకదాంట్లో చరణం మలుపు అచ్చంగా సినిమాదే. దాన్ని తీసేసి, ఊళ్ళో పాడేవాళ్ళ దగ్గర విన్న మెట్టులోనే చరణాన్ని తిరిగి కట్టించాం.

17లో 13 మిగిలాయి. వాటిలో ఒకటి ఆ నెలలో అందరి నోళ్ళలో నానుతున్న ఒక వార్త మీద రాసింది. ఆల్బమ్ బయటికొచ్చేసరికి ఆ వార్త చల్లారుతుంది గనక దాన్ని వెంటనే వీడియోతో విడి సింగిల్‌గా వదలమన్నాం. అప్పటికి 12. ఆయన కోరుకున్న అంకె అదే కావడంతో "ఇక ఇక్కడ ఆపేద్దాం" అన్నారు.

ఫలించని ప్రయత్నాలు

మొదట స్టేజి రికార్డింగులు వింటూ ఏ పాటకు జనం ఎక్కడెక్కడ నవ్వారో గుర్తు పెట్టాం. ఇది పనికి రాలేదు. నవ్వుల్లో సగానికి పైగా మాటకు వచ్చినవి కావు. పాట ఆపి ముఖం పెట్టినప్పుడు, ముందువరసలో ఉన్న పెళ్ళికొడుకు మేనమామను చూపించినప్పుడు వచ్చాయి. ఆ పాటే ఇయర్‌ఫోన్స్‌లో వింటే అక్కడ మూడు క్షణాల ఖాళీ తప్ప ఏమీ ఉండదు. స్టేజి మీద అన్నిటికన్నా ఎక్కువ నవ్వించిన పాట చివరికి ఆల్బమ్‌లో లేదు.

తర్వాత గాయకుడు 12 పాటలూ ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టి మార్కులు వేయమన్నారు. దాదాపు అన్నిటికీ ఏడూ ఎనిమిదీ మధ్యే పడ్డాయి. కొత్తగా పెళ్ళైనవాళ్ళు అత్తగారి పాటకు ఎక్కువ వేశారు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు మేనేజర్ పాటకు. పైగా ఒక్కో పాటను విడిగా విని వేసిన మార్కులు అవి. ఐదో పాట దగ్గర చెవి ఎంత అలిసిపోయి ఉంటుందో అవి చెప్పవు.

మూడోది, 12 పాటల్నీ 5 సంభాషణలతో వరుసగా కూర్చి, కొత్తవాళ్ళకు ఒకే బిగిన వినిపించాం. మొదటి నాలుగు పాటలు నవ్వుతూ విన్నారు. ఆరో పాట దగ్గర ఫోన్లు తీశారు. ఆ ఆరో పాట విడిగా వింటే చాలా బాగుంటుంది. దానికి ముందు రెండూ భర్త గోడు పాటలే, ఇదీ అదే. వస్తువు వేరు, నవ్వు పుట్టే తీరు ఒకటే.

బుర్రకథలో కథకుడికి ఒక పక్క హాస్యం చెప్పే వంత, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంత ఉంటారు. హాస్యపు వంత మాట్లాడేది కాసేపే, అంతలో కథ తిరిగి అందుకుంటుంది. వినేవాడు ఆ కాస్త హాస్యం కోసం మళ్ళీ ఎదురు చూస్తాడు. హాస్య ఆల్బమ్‌లో మోసుకెళ్ళే కథ లేదు, మొదటి నుంచి చివరిదాకా హాస్యమే. సంగీతం ఆల్బమ్ కన్నా ఇది పొట్టిగా ఉండాలనడానికి మా దృష్టిలో అసలు కారణం ఇదే.

ఫలించినవి

*ఒక్క వాక్యం చీటీ.* ప్రతి పాటకూ ఒక చీటీ మీద మూడు సంగతులు రాయమన్నాం: ఎవరు పాడుతున్నారు, అతనికి తెలియనిది వినేవాడికి ఏం తెలుసు, పాట ఎక్కడ తిరుగుతుంది. పన్నెండు చీటీలు బల్ల మీద పరిచేసరికి నాలుగింటి మీద ఒకే సంగతి కనిపించింది: "భర్త గొప్పలు చెప్పుకుంటాడు, చివరికి భార్య పిలిస్తే పరుగెత్తుతాడు." నాలుగింట్లో ఒక్కటే ఉంచాలి. ఏది ఉంచాలన్న దగ్గర ట్యూన్ చూశాం. జోకు తెలిసిపోయాక కూడా నోట ఆడేది ఏదో అది ఉండిపోయింది. 12లో మూడు పోయి 9.

*రెండో వినికిడి.* తొమ్మిదింటినీ కొత్తవాళ్ళకు ఇయర్‌ఫోన్స్‌లో వినిపించి, రెండు రోజుల తర్వాత అవే మళ్ళీ వినిపించాం. బాగుందా అని అడగలేదు. "ఏం గుర్తుంది?" అని మాత్రమే అడిగాం. ఏదో ఒక లైను ఉన్నదున్నట్టు చెప్పినా, ట్యూన్ కూనిరాగం తీసినా ఆ పాట ఉంటుంది. "అదే, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గురించి ఏదో ఉంది కదా" అని వస్తువు మాత్రమే చెబితే ఆ పాటలో ఆలోచన ఉంది, పాట లేదన్నమాట. అలా రెండు పోయాయి. 7.

*లోపలి కత్తిరింపు.* ఇక్కడే ఎక్కువ సమయం గడిచింది, ఫలితం కూడా ఇక్కడే ఎక్కువ వచ్చింది. ఒక పాట తీసుకుందాం. పెళ్ళి భోజనాల్లో మొదటి బంతి దొరకనివాడు, తింటున్నవాడి కుర్చీ వెనక నిలబడి పాడే పాట. డెమో నిడివి 4:52, వేగం నిమిషానికి 100 దరువులు, ఆది తాళం నడక. నాలుగు దరువుల బార్ ఒక్కటి 2.4 సెకన్లు. సినిమా పాట అలవాటు కొద్దీ మొదట 16 బార్ల వాయిద్యం, రెండు చరణాలకు ముందు చెరో 16 బార్ల ఇంటర్లూడ్ పెట్టారు. అంటే పాటలో దాదాపు రెండు నిమిషాలు మాట లేదు. మెలోడీ పాటకు ఆ ఇంటర్లూడ్ ఊపిరి పోస్తుంది. హాస్యం పాటలో మాత్రం వినేవాడు తర్వాతి జోకు ఏమై ఉంటుందో ఊహించుకోవడానికి అది వ్యవధి ఇస్తుంది. ఊహించాక చెప్పిన జోకు చప్పబడుతుంది.

మొదటి వాయిద్యం 16 నుంచి 2 బార్లకు, ఒక్కో ఇంటర్లూడ్ 16 నుంచి 4కు తగ్గించాం. మధ్యలో ఒక పల్లవి పునరావృత్తి, 8 బార్లు, తీసేశాం. మొత్తం 46 బార్లు, అంటే 110 సెకన్లు పోయి పాట 3:02కు వచ్చింది.

నిడివి కన్నా పెద్ద మార్పు రెండో చరణంలో జరిగింది. డెమోలో మొదటి చరణం గుత్తివంకాయ, పులిహోర, బూరెలు ఒక్కొక్కటే అయిపోతుండటం చూస్తూ గిలగిలలాడటం. రెండో చరణం కూడా అదే, ఐటమ్స్ పేర్లు మాత్రం వేరు. రెండోది తీసేసి పాటను రెండు నిమిషాలకే ముగిద్దామా అన్నంతవరకు వెళ్ళాం. చివరికి గాయకుడే కొత్త చరణం రాశారు: అతనికి కుర్చీ దొరుకుతుంది, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే తన కుర్చీ వెనక ఎవరిదో ఊపిరి వినిపిస్తుంది. ఆ చరణం పాటను నిలబెట్టింది. ఇదే ప్రమాణాన్ని మిగతా ఆరు పాటలకూ పెట్టాం. రెండో చరణం పాటను తిప్పకపోతే ఆ పాటకు ఒక్క చరణమే. అందుకే ఒక పాట 2:10కే ఆగింది.

సంభాషణల సంగతి

ఐదు సంభాషణలనూ గాయకుడు బాగా ఇష్టపడ్డారు. ట్రాకుల సంఖ్య పెరిగి ఆల్బమ్ నిండుగా కనిపిస్తుందన్న ఆశ కూడా ఉంది. వాటిని పెట్టడానికి మూడు చోట్లున్నాయి, మూడింటికీ చిక్కులున్నాయి. పాట మొదట్లో అతికిస్తే, విడిగా ప్లేలిస్టులో పడ్డ పాట 20 సెకన్ల మాటలతో మొదలై వినేవాడు దాటేస్తాడు. పాట చివర అతికిస్తే రెండోసారి వినేవాడికి తోకలా తగులుతుంది. విడి ట్రాకుగా పెడితే, స్పాటిఫైలో 30 సెకన్లు విన్నప్పుడే ఒక స్ట్రీమ్‌గా లెక్క గనక 22 సెకన్ల సంభాషణకు లెక్కే ఉండదు. పైగా 2024 నుంచి అక్కడ ఒక ట్రాక్ గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు అందుకుంటేనే రికార్డింగ్ రాయల్టీ వస్తుంది. అంకె పెంచడానికి పెట్టిన ట్రాకులే ఆ గీత దాటకుండా ఉండిపోతాయి.

నాలుగు తీసేశాం. ఒక్కటి, 52 సెకన్లది, విడి ట్రాకుగా ఉంచాం. ముందువెనకలు లేకుండా విన్నా దాని జోకు దానిలోనే పూర్తవుతుంది. 4:05 నిడివి ఉన్న పెద్ద పాట ముందు పాట మోత ఆగి చెవికి కాస్త విరామం దొరకడం కూడా మాకు కావాల్సి వచ్చింది.

వరుస, ముగింపు కూర్పు

ఏడు పాటలు కలిపి 20:52 వచ్చాయి. పెళ్ళి భోజనాల పాటకు "మూడో బంతి" అని 1:04 నిడివి ముక్క ఒకటి విడి ట్రాకుగా ఆల్బమ్ చివర్లో పెట్టాం. సంభాషణతో కలిపి 9 ట్రాకులు, 22 నిమిషాల 48 సెకన్లు.

మొదటి పాటలో మిమిక్రీ వద్దన్నాం. కొత్త శ్రోత ముందు ఆయన సొంత గొంతు పట్టుకోవాలి, లేకపోతే తర్వాత గొంతు మార్చినప్పుడు మార్చారన్న సంగతే తెలియదు. అనుమతి వచ్చిన పేరడీని మూడో స్థానంలో ఉంచాం. మొదట పెడితే మిగతావాటిని కూడా "ఇది ఏ పాటకు పేరడీ?" అని వెతుక్కుంటూ వింటారు. తిశ్ర నడకలో (మూడు దరువుల లయలో) ఉన్న రెండు పాటలూ పక్కపక్కన రాకుండా చూశాం. చివరి మాటతో నవ్వించి ముగిసే పాట తర్వాత ఖాళీ రెండు సెకన్లు, వాయిద్యంతో ముగిసే పాట తర్వాత అర సెకను.

మిక్స్‌లో ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే అది నిడివిని కూడా తాకింది. రెండు పాటలు 130 బీపీఎం (నిమిషానికి దరువులు) పైన ఉన్నాయి. ఆ వేగంలో డప్పు, కంజీర కింద వత్తులు, ద్విత్వాలు మునిగిపోయి మాట అర్థం కాలేదు. వేగం 118కి తగ్గిస్తే ఒక్కో పాట పావు నిమిషం పెరిగింది. ఆ పెరుగుదలను సంతోషంగా ఒప్పుకున్నాం. గొంతును మామూలు పాట కన్నా ఒకటిన్నర డెసిబెల్ పైకి తెచ్చి, కీబోర్డులో 2.5 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కొంత తగ్గించి, రివర్బ్‌లో (గొంతు వెనక మిగిలే ప్రతిధ్వనిలో) కోత వేశాం. మాట వినపడని హాస్యం పాటను ఎంత కుదించినా పొడుగుగానే అనిపిస్తుంది.

విడుదల, తర్వాత కనిపించినవి

రెండు పాటలను ముందుగా సింగిల్స్‌గా వదిలి, ఆల్బమ్‌లో అవే ఐఎస్‌ఆర్‌సి కోడ్లు (ఒక్కో రికార్డింగ్‌కు ఉండే గుర్తింపు సంఖ్యలు) ఇచ్చాం. అలా చేస్తే అప్పటిదాకా వచ్చిన స్ట్రీముల లెక్క పోదు. స్పాటిఫై సంపాదకులకు ఒక విడుదల నుంచి ఒక్క పాటనే సూచించగలం, అదీ విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు. అందుకు పేరడీని పంపాలని ఆయన మనసు లాగింది. పెళ్ళి భోజనాల పాటను పంపించాం. బాణీ, మాట రెండూ ఆయనవే గనక దానికి వచ్చే పేరూ డబ్బూ ఎవరితోనూ పంచుకోనక్కర్లేదు.

అనుకున్నట్టే పేరడీని ఎక్కువమంది విన్నారు, కానీ దాన్నుంచి మిగతా పాటలకు వెళ్ళినవాళ్ళు తక్కువ. చివరి పెద్ద పాట దగ్గరికి వచ్చేసరికి శ్రోతలు పెద్దగా రాలిపోలేదు. 12 పాటల కూర్పులో ఆరో పాట దగ్గరే పోయిన చెవి ఇక్కడ ఎనిమిదో ట్రాకు దాకా నిలిచింది. సంభాషణ ట్రాకును మాత్రం అన్నిటికన్నా తక్కువ విన్నారు. విడి ట్రాకుగా ఒక్కటైనా ఉంచడం సబబా అన్నది ఇంకా తేలలేదు. తర్వాతి ఆల్బమ్‌లో ఆ విరామాన్ని వాయిద్యంతో ఇచ్చి చూడాలని అనుకున్నాం.

ఈ కేసు నుంచి పనికొచ్చేవి

పాటలు వడకట్టే వరుస మారకూడదు: హక్కులు, కాలం చెల్లే వస్తువులు, ఒకే తీరు జోకులు, రెండో వినికిడి, లోపలి కత్తిరింపు. కత్తిరింపు ముందు చేస్తే పోయే పాటల మీద శ్రమ వృథా అవుతుంది. హక్కుల పని ఆఖరున పెట్టుకుంటే కూర్పంతా మళ్ళీ మొదలుపెట్టాలి. అనుమతుల కోసం ఉత్తరాలు రికార్డింగ్‌కు కనీసం మూడు నెలల ముందు వెళ్ళాలి, జవాబు రాకపోవడాన్ని ఒప్పుకోలుగా తీసుకోకూడదు.

తీసేసిన పాటలు పాడైన సరుకు కాదని గాయకుడికి స్పష్టంగా చెప్పాలి. భర్త గోడు పాటలు మూడూ ఆయన స్టేజి మీద ఇప్పటికీ పాడుతున్నారు, అక్కడ ముఖం పాటకు సాయపడుతుంది. నాలుగు పేరడీలదీ అదే దారి. సభల్లో ప్రదర్శన లైసెన్సు సంగతి నిర్వాహకులతో మాట్లాడుకోవాలి, అది ఆల్బమ్ అనుమతికి సంబంధం లేని వేరే కాగితం.

అమెరికా సభలో అమ్మడానికి పెన్‌డ్రైవ్‌లో మిగిలిన పాటలు కూడా "బోనస్"గా వేద్దామని చివర్లో మళ్ళీ అడిగారు. "అన్నా, డబ్బు పెట్టి కొంటున్నారు, ఇరవై మూడు నిమిషాలేనా అంటారేమో" అన్నది ఆయన భయం. పెన్‌డ్రైవ్ అమ్మినా అది ప్రచురణే, అనుమతి లేని పేరడీ అందులోనూ కుదరదు. మిగతావి కారులో వరుసగా మోగితే 12 పాటల కూర్పులో వచ్చిన అలసటే మళ్ళీ వస్తుంది. దాని బదులు తొమ్మిది ట్రాకులకూ సాహిత్యం అచ్చువేసిన చిన్న పుస్తకం, ఏడు పాటలకూ మాటలు లేని ట్రాకులు జతచేయమన్నాం. పేరడీ ట్రాకుకు, దాని సాహిత్యం అచ్చుకు అనుమతి పత్రంలో విడిగా ఒక వాక్యం రాయించుకున్నాకే అవి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కాయి.